అమ్మకానికి ఒంటిగది ఇల్లు

చరిత్ర అంటే మనకి కోటలు. కొండవీటి కోట మీద పుస్తకాలున్నాయి. రెడ్డిరాజులు ఎన్నేళ్లు ఏలారో, గజపతుల చేతి నుంచి కృష్ణదేవరాయలు ఎప్పుడు లాక్కున్నాడో, గోల్కొండ సేనలు ఎప్పుడొచ్చాయో మా పిల్లలు బళ్లో వల్లె వేస్తారు. అదే గుంటూరులో పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు వున్న గది గురించి ఎవరూ రాయలేదు. మూడు తరాలు అందులోనే పుట్టి, అందులోనే నిఖా చేసుకుని, అందులోంచే జనాజాగా లేచి వెళ్లినా సరే. ఆ గది చరిత్రకి ఒకే ఒక్కసారి కనిపిస్తుంది, అమ్మేటప్పుడు. 'ఈ ఇల్లు అమ్మబడును' అన్న మూడు మాటలు గోడమీద పడ్డాక.

పాత గుంటూరు, లాలాపేట, ఆనందపేట, సంగడిగుంట వైపు సందుల్లో ఇలాంటి ఇళ్లు ఇంకా మిగిలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టినవి. ఒక్కటే గది. ముందు చిన్న వసారా. ఒక మూల పొయ్యి, ఇంకో మూల జలదారి. మధ్యలో తాడు కట్టి దానిమీద పాత చీరో దుప్పటో వేస్తే అదే పరదా. ఆ పరదాకి ఇవతల మగాళ్ల బైఠక్, అవతల జనానా. రాత్రయితే ఇవతల కొడుకూ కోడలూ, అవతల దాదీ, పిల్లలూ. నవాబుల దేవిడీల గురించి రాసినవాళ్లు మా జనానా అంటే ఒక పాత చీర అని రాయలేదు.

ఇదే ఇల్లు న్యూయార్కులో వుంటే దానికి వేరే పేరు. వంటా పడకా ఒకే గదిలో వుండేదాన్ని అక్కడ స్టూడియో అపార్ట్‌మెంట్ అంటారు. అది 'యుద్ధానికి ముందు కట్టినది' అయితే ఆ మాటని ప్రకటనలో ముందే వేస్తారు. మందమైన గోడలు, ఎత్తయిన పైకప్పు, సందడిగా వుండే వీధి అని చెప్పి ధర పెంచుతారు. మా గోడలూ మందమే. మా కప్పూ ఎత్తే. సందడికి కొదవలేదు. తెల్లవారుజామున ఫజర్ అజాన్, ఆ వెంటే పాలవాడి గంట, టీ బంకు దగ్గర స్టవ్ చప్పుడు, రంజాన్ నెల వస్తే సహెరీ దాకా నిద్రపోని బజారు. అయినా మా దగ్గర 'పాత ఇల్లు' అంటే ధర తగ్గుతుంది. కొనేవాడు గదికి పైసా కట్టడు, కింద నేలకి కడతాడు. గది కూల్చడానికి అయ్యే కూలి కూడా ధరలోంచి తగ్గించమంటాడు. ఒకే వయసున్న రెండు గదుల్లో ఒకటి వారసత్వం అవుతోంది, రెండోది చెత్త అవుతోంది. ఎందుకు? దీనికి జవాబు ఇటుకల్లో లేదు, అందులో వున్న మనుషుల చరిత్రలో వుంది.

ముందు యుద్ధం సంగతి. మా ముసలివాళ్లకి కాలం రెండు ముక్కలు. యుద్ధం ముందు, యుద్ధం తర్వాత. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను బాంబులు పడ్డాయి. అదే ఏడాది రంగూన్ పడిపోయి లక్షలమంది బర్మా నుంచి అడవుల గుండా నడిచి వచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లు ఎందరో. బర్మా పోవడంతో బర్మా బియ్యం ఆగింది, రంగూన్ టేకు ఆగింది. అందుకే పాత ఇంటి వయసు చెప్పడానికి దస్తావేజు అక్కర్లేదు, తలుపు చాలు. రంగూన్ టేకు ద్వారబంధం వుంటే అది యుద్ధం ముందుది. ఐతే అది కాస్త వున్నవాళ్ల లెక్క. మా గదుల్లో వుండేవి తాటి దూలాలు, తాటి వాసాలు, పైన పెంకు. గోడలకి గానుగ సున్నం. కింద పల్నాటి నాపరాళ్లు. గోడలోనే గూళ్లు: ఒకదాంట్లో దీపం, ఒకదాంట్లో పింగాణీ గిన్నెలు, అన్నిటికంటే పై గూట్లో గుడ్డ చుట్టిన ఖురాన్.

కప్పు ఎందుకంత ఎత్తు? గాలి కోసమని ఇంజనీర్లు అంటారు. అది నిజమే. ఐతే దూదేకుల వాళ్ల ఇళ్లలో ఇంకో కారణం కూడా వుంది. దూదేకే విల్లుని దూలానికి తాడుతో వేలాడదీసేవాళ్లు. మనిషికంటే పొడవైన విల్లు, దానికి బిగించిన నరం, ఆ నరాన్ని కొట్టే కొయ్య. గది ఎత్తుగా లేకపోతే పని నడవదు. నరం మోగుతుంటే పత్తి పొగమంచులా లేచి పెంకుల కింద అంటుకునేది. అదే గదిలో పడక, అదే గదిలో వంట, అదే గదిలో పని. ఆ దూదిని పీల్చే పిల్లలు పెరిగారు.

గుంటూరు ముస్లిం అనగానే నవాబు గారి మునిమనవడు అనుకునేవాళ్లు ఇప్పటికీ వున్నారు. నిజమే, గోల్కొండ వాళ్ల ఏలుబడిలో కొండవీటి సీమకి ముర్తజానగర్ అని పేరు. ఖాజీలు, కిల్లాదార్లు, ఈనాందార్లు వచ్చారు. నిజాం తమ్ముడు బసాలత్ జంగ్‌కి గుంటూరు సర్కారు జాగీరు. అతను 1782లో చనిపోయాడు. 1788లో గుంటూరు కంపెనీ చేతికి పోయింది. మిగిలిన సర్కార్లు అంతకు ముందే పోయాయి. ఏలుబడి పోయాక ఈనాందారు సంతానం కూడా ఒంటిగదికే చేరింది. ఐతే ఈ గదుల్లో ఎక్కువమంది ఏనాడూ ఏలినవాళ్లు కాదు. దూదేకినవాళ్లు, పరుపులు కుట్టినవాళ్లు, జట్కా తోలినవాళ్లు, బీడీలు చుట్టినవాళ్లు, గాజులమ్మినవాళ్లు, నాదస్వరం ఊదినవాళ్లు. దూదేకుల వాళ్ల ఇంట్లో మాట తెలుగే. ఉర్దూ రాదని ఒకవైపు, సాయిబులని ఇంకోవైపు, రెండువైపులా చిన్నచూపే. పొన్నెకల్లులో పుట్టిన బుర్రకథ నాజర్ తన ఆత్మకథకి 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడంటే ఊరికే కాదు. తిట్టుగా వాడిన మాటనే ఇంటి గుమ్మానికి కట్టుకున్నాడు. ఒంగోలు పక్క కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగం దాకా వెళ్లింది. గుళ్లో దేవుణ్ణి నిద్రలేపే పాటలు ముస్లిం ఇళ్లలో సాధన అయ్యాయి. ఆ ఇళ్లెక్కడ? వాటికి గుర్తుగా ఏం మిగిలింది?

పత్తి లేకపోతే ఈ ఊరు ఇంత పెరిగేది కాదు. 1860లలో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోతే లాంకషైర్ మిల్లులు మన పత్తి కోసం ఎగబడ్డాయి. 1866లో గుంటూరు మునిసిపాలిటీ అయింది. ఆ తర్వాత రైలు, జిన్నింగు మిల్లులు, ప్రెస్సులు. 1904లో మళ్లీ జిల్లా కేంద్రం. ఊరు ఒకవైపు తెల్లదొరల పేర్లతో పెరిగింది: బ్రాడీపేట, అరండల్‌పేట. గీత గీసినట్టు అడ్డరోడ్లు, వాటికి నెంబర్లు, వకీళ్లూ డాక్టర్లూ. రెండోవైపు, అప్పటికే వున్న పాతవూళ్లో, గది పక్కన గది పుట్టింది. జిన్నింగు మిల్లు దూదేకే విల్లుని మింగింది. విల్లు పోయినవాడు అదే మిల్లులో కూలీగా చేరాడు. తర్వాత పొగాకు, ఆ తర్వాత మిర్చి. మిర్చి సీజనులో తొడిమలు తీసే ఆడవాళ్లలో మా వాళ్లూ వున్నారు. సాయంత్రం ఇంటికొస్తే బుర్ఖా దులిపినా ఘాటు పోదు. గది ఒక్కటే కాబట్టి ఆ ఘాటులోనే పసిపిల్లాడి ఉయ్యాల. పత్తి దుమ్ము పీల్చిన గది మిర్చి ఘాటు పీల్చింది. సరుకు మారింది, గది మారలేదు.

ఇక కాగితం సంగతి. అమ్మకానికి పెట్టగానే మొదటి ప్రశ్న: "లింకు డాక్యుమెంట్లున్నాయా సాయిబూ?" చాలా గదులకి వుండవు. దొంగ ఆస్తి కాబట్టి కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చూడండి. నూరు రూపాయలు, అంతకు మించి విలువున్న స్థిరాస్తి అమ్మితేనే రిజిస్ట్రీ తప్పనిసరి. నూరులోపు అయితే స్వాధీనం ఇస్తే చాలు. ఆ రోజుల్లో మా పేటల్లో నూరు దాటని ఇళ్లు ఎన్నో. తాళం చేతిలో పెట్టారు, నలుగురు పెద్దలు చూశారు, పాన్‌దాన్ తిప్పారు, అమ్మకం అయిపోయింది. చట్టం ప్రకారమే అయింది. చౌకగా బతికినందుకు ఇవాళ కాగితం లేనివాళ్లమయ్యాం.

అదే చట్టం 129వ సెక్షను మా హిబాని మినహాయించింది. ముస్లిం తన ఆస్తిని దానం చేయాలంటే మూడు వుండాలి: ఇస్తున్నానన్న మాట, పుచ్చుకుంటున్నానన్న మాట, స్వాధీనం. నోటిమాట చాలు. దాన్ని తర్వాత కాగితం మీద రాసుకున్నా, ఆ కాగితానికి రిజిస్ట్రీ తప్పనిసరి కాదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసే. న్యాయం బాగానే వుంది. ఐతే బ్యాంకు నోటిమాట వినదు. అప్పు ఇవ్వదు. కొనేవాడికి అప్పు దొరకదు కాబట్టి నగదు వున్నవాడే కొంటాడు. నగదు వున్నవాడు గదిలో వుండటానికి కొనడు.

ఇప్పుడు గది లోపలి లెక్క. గది నూట ఇరవై చదరపు అడుగులు అనుకుందాం. ఇంటాయన చనిపోయాడు. భార్య వుంది, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు. ముందు దఫను ఖర్చు, అప్పులు తీరాలి. భార్యకి రావలసిన మెహర్ కూడా అప్పే. అవి తీరాక షరియత్ లెక్క ఇది: భార్యకి ఎనిమిదో వంతు, అంటే పదిహేను అడుగులు. మిగిలిన నూట అయిదు అడుగుల్లో కొడుక్కి రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. కొడుకులకి చెరి ముప్పై, కూతుళ్లకి తలా పదిహేను. పదిహేను అడుగులంటే ఒక చాప పరిచే చోటు. చాపంత చోటు మీద గోడ ఎవరు కడతారు? అందుకే గది అమ్మకానికి వస్తుంది. చాలాసార్లు గోడమీద రాతకి కారణం పేదరికం ఒక్కటే కాదు. పంచలేని న్యాయం.

ఇక్కడే మనం మనతోనే తగాదా పడాలి. 1937లో షరియత్ చట్టం వచ్చింది ఎందుకు? ఆచారం పేరు చెప్పి ఆడపిల్లకి వాటా ఎగ్గొడుతుంటే దాన్ని ఆపడానికి కూడా. ఆ చట్టంలో సాగుభూమిని వదిలేస్తే మద్రాసు ప్రభుత్వం 1949లో దాన్నీ చేర్చింది. హిందూ ఆడపడుచుకి ఉమ్మడి ఆస్తిలో వాటా కోసం మన రాష్ట్రం 1985 దాకా, దేశం 2005 దాకా ఆగింది. మా ఆపాకి చెల్లికి అంతకు ఎంతో ముందే కాగితం మీద వాటా వుంది, సగమే అయినా. ఆ సగమైనా చేతికి వచ్చిందా? సభల్లో షరియత్ జోలికి రావద్దని గొంతు చించుకునే భాయ్‌సాబ్, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు మెట్లెక్కగానే షరియత్ మర్చిపోతాడు. "నీ పెళ్లికి ఖర్చుపెట్టాం కదమ్మా" అంటాడు. హక్కు విడుదల పత్రం మీద ఆపా వేలిముద్ర పడుతుంది. రేపు కష్టమొస్తే పుట్టింటి తలుపు మూసుకుంటుందన్న భయంతో ఆమె సంతకం పెడుతుంది. అమ్మిన డబ్బు అన్నదమ్ముల మధ్యే తెగుతుంది. బయటివాడు మనకి చేసే అన్యాయం గురించి రాసే చేతికి, ఇంట్లో జరిగే దీన్ని రాయకుండా వుండే హక్కు లేదు.

బయటివాడి సంగతి కూడా చెప్పాలి. 1947 తర్వాత ముస్లిం ఇల్లు అమ్మితే అది మామూలు అమ్మకం కాలేదు. "పాకిస్తాన్ పోతున్నారా?" అన్న ప్రశ్న దాని వెంట వచ్చింది. 1950 నాటి కాందిశీకుల ఆస్తి చట్టం మద్రాసు రాష్ట్రానికీ వర్తించింది. వెళ్లినవాడే కాదు, 'వెళ్లదలచినవాడు' అన్న మాట కూడా అప్పటి చట్టంలోకి ఎక్కింది. అంటే అమ్మకాన్ని బట్టి మనసులో ఏముందో కనిపెడతారన్నమాట. 1953లో ఆ మాట తీసేశారు. మొత్తం చట్టాన్ని 2005లో రద్దు చేశారు. చట్టం పోయినంత తేలిగ్గా ప్రశ్న పోలేదు. మా గదులవాళ్లు ఎక్కడికీ పోలేదు. కరాచీ ఎటువైపో తెలియనివాళ్లు, రేపల్లె రైలు తప్ప ఇంకో రైలు ఎక్కనివాళ్లు కూడా ఆ ప్రశ్నకి జవాబు చెప్పుకున్నారు. 1948లో రజాకార్ల దారుణాల వార్తలు కృష్ణ దాటి ఇటు వస్తే, ఆ పాపం కూడా మాకే అంటించారు. గుంటూరు నిజాం చేతి నుంచి పోయి అప్పటికి నూట అరవై ఏళ్లు. నూట అరవై ఏళ్ల కిందటి యజమాని పేరుతో మమ్మల్ని పిలిచారు.

ఊరి నడిబొడ్డున మహాత్మాగాంధీ రోడ్డు మీద జిన్నా టవర్ వుంది. 1940లలో కట్టింది. 2021 చివర్లో పేరు మార్చాలని, లేకపోతే కూలుస్తామని పెద్ద గొడవ. 2022 ఫిబ్రవరిలో దానికి మూడు రంగులు వేశారు. టీవీలన్నీ వచ్చాయి. ఆ టవర్‌కి కూతవేటు దూరంలో, అదే కాలంలో, అదే సున్నంతో కట్టిన గదులు ఒక్కొక్కటే కూలుతున్నాయి. వాటి దగ్గరికి ఒక్క కెమెరా రాలేదు. గుంటూరు ముస్లింల గుర్తు ఆ టవర్ అని ఇటు కొందరు, అటు కొందరు ఒప్పుకున్నారు. మేం ఒప్పుకోం. ఆరు స్తంభాల మీద నిలబడ్డ గోపురం మా ఇల్లు కాదు. అందులో ఎవరూ వండుకోలేదు, ఎవరూ పురుడు పోసుకోలేదు.

సెక్యులర్ మిత్రులు అడుగుతారు: "ఆ ఇరుకు సందుల్లోనే ఎందుకుంటారు? బయటికి రావచ్చు కదా?" రావచ్చు. కొత్త కాలనీలో 'టు లెట్' బోర్డు చూసి వెళ్తాం. గదులు చూపిస్తారు, అద్దె చెబుతారు, పేరు అడుగుతారు. పేరు చెప్పగానే ఇంటావిడకి హఠాత్తుగా గుర్తొస్తుంది, నిన్ననే ఎవరో అడ్వాన్సు ఇచ్చారని. ఇంకొందరు మర్యాదగా "నీసు వండేవాళ్లకి ఇవ్వమండీ, ఏమీ అనుకోకండి" అంటారు. పక్క వాటాలో కోడికూర వాసన వస్తూనే వుంటుంది. పేటలు దాటి ఇల్లు కొనాలన్నా అద్దెకి తీసుకోవాలన్నా ముస్లింలకి ఎదురయ్యే ఈ ఇబ్బందిని 2006లో సచార్ కమిటీ నివేదిక కూడా రాసింది. బయట దొరకదు కాబట్టి లోపలే కిటకిట. లోపల కిటకిట కాబట్టి 'వాళ్లంతా ఒకేచోట గుంపుగా వుంటారు' అన్న నింద. తలుపు వేసింది వాళ్లు, లోపల కూర్చున్నందుకు తప్పు మాది.

అద్దె నియంత్రణ అన్నది కూడా యుద్ధం కన్న బిడ్డే. ఇళ్ల కొరత వచ్చి 1941లో మద్రాసు ప్రభుత్వం అద్దెలకి కళ్లెం వేసింది. ఆ దారిలోనే మన రాష్ట్రానికి 1960 చట్టం వచ్చింది. ఎంత అద్దె వసూలు చేయకూడదో, ఎప్పుడు ఖాళీ చేయించకూడదో అందులో వుండేది. పేరు చూసి ఇల్లు లేదనకూడదని మాత్రం లేదు.

2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని గుంటూరు జిల్లాలోకి వస్తుందనగానే నేల ధరలు లేచాయి. 2019 చివర్లో మూడు రాజధానుల మాట వచ్చి పడ్డాయి. 2024 తర్వాత మళ్లీ లేచాయి. ధర లేచినప్పుడల్లా సందుల్లోకి బ్రోకర్లు వస్తారు. పక్కపక్కన నాలుగు గదులు కలిస్తే ఒక అపార్ట్‌మెంటు అవుతుంది. మూడు గదులవాళ్లు అమ్మేశాక నాలుగోవాడికి అమ్మక తప్పదు. గాలి మూసుకుపోతుంది. తమాషా ఏమిటంటే ఆ అపార్ట్‌మెంటులో కూడా చివరికి ఒక చిన్న ఫ్లాటు వుంటుంది. ఒకే గదిలో వంట, పడక. దానికి ఇంగ్లీషు పేరు పెట్టి, గది మొత్తం ధరకంటే ఎన్నోరెట్లకి అమ్ముతారు. అమ్మినవాడి కొడుకు కొనలేడు. కొనగలిగినా పేరు అడుగుతారు.

ఇరుకు గదిని పూజించమని మేం అనడం లేదు. పరదా చాటున కాపురం, ఘాటులో ఉయ్యాల ఎవరికీ గొప్ప కాదు. మంచి ఇల్లు కట్టుకోవడానికి గది అమ్మితే ముబారక్. ఐతే అమ్మేముందు మూడు పనులు చేయండి. నోటిమాట హిబా వుంటే సాక్షులు బతికుండగానే కాగితం మీద పెట్టండి, వీలైతే రిజిస్ట్రీ చేయించండి. ఆపా చెల్లెళ్ల వాటా లెక్కగట్టి, వేలిముద్రకి ముందు డబ్బు చేతిలో పెట్టండి. దాదీ దగ్గర కూర్చుని ఆ గది ఎవరు కట్టారో, ఏం పని చేసి కట్టారో, అందులో ఎంతమంది పుట్టారో రాసుకోండి. పాత దస్తావేజులు ఉర్దూలోనో మోడీలోనో వున్నాయని చిత్తుకాగితాలకింద వేయకండి.

సెక్యులర్ మిత్రులకి ఒక్క మాట. మా టవర్ల గురించి, మా తలాక్ గురించి, మా టోపీల గురించి మీరు చాలా రాశారు. మీ ఇంటి పైవాటా ఖాళీ అయినప్పుడు బోర్డు పెడతారు కదా. పేరు అడగకుండా తాళం చేతులు ఇవ్వగలరా? మన ఉమ్మడి సంస్కృతికి పరీక్ష ఆ తాళం దగ్గరే.